పాత పికప్‌కి ఆన్‌లైన్‌లో లిఫ్ట్ కిట్ కొంటున్నారా? జాగ్రత్త, యూ బోల్టులు బిగిస్తుండగానే సాగిపోయాయి

పాత పికప్‌ని ఇంట్లోనే బాగుచేసుకుంటూ, వెనక వైపు రెండు అంగుళాలు ఎత్తు పెంచుదామని "కంప్లీట్ లిఫ్ట్ కిట్" కోసం వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను కొన్న కిట్టులో, ప్రాణాలు ఆధారపడే ముక్క ఒక్కటి కూడా వాడదగ్గదిగా లేదు. అడిగితే "ఒకసారి బిగించిన సరుకు వెనక్కి తీసుకోం" అని చేతులు దులిపేసుకున్నారు. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఇదే కిట్టు బిగించుకుని, లోడు వేసుకుని, పక్కన ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని రోడ్డెక్కినవాళ్లు ఎంతమంది ఉన్నారో అన్నదే నా అసలు భయం.

బండి మామూలు పాతకాలపు పికప్. ఛాసిస్ మీద బాడీ, వెనక కమాన్ కట్టలు (ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగులు), డ్రమ్ము బ్రేకులు. ఛాసిస్ తుప్పు గీకి రంగు వేయడం, కమాన్ బుష్షులు మార్చడం అన్నీ అయిపోయాక ఈ కిట్టు తెప్పించాను. అందులో వచ్చినవి రెండు లిఫ్ట్ బ్లాకులు (ఎత్తు కోసం కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ, అంటే చక్రాల ఇరుసుకీ, మధ్య పెట్టే దిమ్మలు), నాలుగు యూ బోల్టులు (యూ ఆకారంలో వంచిన బోల్టులు), వాటి నట్లు, పొడవాటి బ్రేక్ హోస్ పైపు, ఒక జత షాక్ అబ్జార్బర్లు. వాటితోపాటు "ఫ్రీ" అంటూ అదనపు లైట్ల వైరింగ్ సెట్టు ఒకటి. పెట్టె అందంగా ఉంది, స్టిక్కర్లు ఉన్నాయి, బార్‌కోడ్ కూడా ఉంది.

ముందు యూ బోల్టుల సంగతి, ఎందుకంటే అన్నిటికన్నా ప్రమాదం అక్కడే. కమాన్ కట్టనీ బ్లాకునీ యాక్సిల్‌నీ కలిపి పట్టుకునేది యూ బోల్టుల బిగువు. కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు పని యాక్సిల్‌ని సరైన చోట కూర్చోబెట్టడం వరకే. బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడ్డప్పుడు వచ్చే తోపుని అది ఒక్కటే తట్టుకోలేదు. బిగువు తగ్గిందంటే కట్ట జరగడం మొదలవుతుంది, సెంటర్ బోల్టు తెగుతుంది, యాక్సిల్ ఒక పక్కకు వెనక్కి పోతుంది. దాంతోపాటు బ్రేక్ పైపు లాక్కుపోతుంది, ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంకర కోణంలో తిరుగుతుంది. వేగంలో ఉండగా ఇది జరిగితే స్టీరింగ్ పట్టుకుని చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

మరలు శుభ్రం చేసి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (బిగించాల్సిన బలానికి) సెట్ చేసి టార్క్ రెంచి పెట్టాను. అంత బిగువు రాగానే అది క్లిక్ అంటుంది. ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి గట్టిగా కూర్చున్నాక, మంచి బోల్టయితే ప్రతి పావు తిప్పుకీ చేతికి బరువు పెరుగుతుంది. ఇక్కడ నట్టు తిరుగుతూనే ఉంది, బరువు పెరగడం లేదు, రెంచి క్లిక్ అనడం లేదు. అలా జరుగుతోందంటే మరలు చెరిగిపోతున్నట్టు, లేదా బోల్టు ఇనుమే సాగుతున్నట్టు. ఊడదీసి మర గేజి పెట్టి చూశాను. నట్టు కూర్చున్న చోట మరల మధ్య దూరం పెరిగింది, గేజి పళ్లు ఆనడం లేదు. కొత్త నట్టు ఎక్కిస్తే కింద దాకా సాఫీగా వెళ్లి సరిగ్గా అక్కడే పట్టేస్తోంది. నాలుగింటిలో మూడు ఇదే తీరు.

అమ్మినవాళ్లు మొదట అన్న మాట "మీ టార్క్ రెంచి తప్పు" అని. అదే రెంచి, అదే యాక్సిల్, అదే టార్క్. గ్రేడు స్పష్టంగా చెప్పి, కొలతలిచ్చి చేయించిన వేరే యూ బోల్టులు వేస్తే నాలుగూ క్లిక్ అన్నాయి. ఆ వీడియో పంపాక మళ్లీ రెంచి మాట ఎత్తలేదు.

గ్రేడు గురించి కాస్త చెప్పాలి, తెలియకపోతే కొనేటప్పుడు అడగలేం. బోల్టు మీద గ్రేడు 8.8 అని ఉంటే మొదటి 8 తెగే బలం, అంటే సుమారు 800 మెగాపాస్కల్స్ (ఇనుము బలాన్ని కొలిచే యూనిట్). చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దగ్గర ఇనుము శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 10.9 అయితే 1000, 900. మామూలు మెత్తటి ఇనుముతో చేసే 4.6 బోల్టుకి ఈ అంకెలు 400, 240 మాత్రమే. పైన జింక్ పూత వేస్తే 4.6కీ 8.8కీ తేడా కంటికి కనపడదు. నా కిట్టులోని యూ బోల్టుల మీద గానీ, నట్ల మీద గానీ, కాగితం మీద గానీ గ్రేడు అన్న మాటే లేదు. మంచి నట్టు మీద 8 లేదా 10 అంకె ఉంటుంది. అంకెతోపాటు తయారీదారు గుర్తు కూడా ఉండాలి. ఉత్త అంకె చూసి నమ్మకండి, అంకె ఎవరైనా కొట్టొచ్చు. దొంగ ముద్రల బోల్టుల బెడద ఎంత పాతదంటే, దీనికోసమే అమెరికాలో 1990లో ఫాస్టెనర్ క్వాలిటీ యాక్ట్ అనే చట్టం తెచ్చారు.

బ్లాకుల సంగతి. ప్రకటనలో "హెవీ డ్యూటీ స్టీలు" అని రాశారు. అయస్కాంతం అంటుకోలేదు. పోతపోసిన అల్యూమినియం, ఒక మూల రంగు గీకితే సన్నటి బుడగల రంధ్రాలు. అల్యూమినియం బ్లాకులన్నీ చెడ్డవని నేను అనను. కానీ స్టీలని చెప్పి ఇది పంపడం పచ్చి మోసం. దానికి తోడు బ్లాకు అడుగున ఉండే పిన్ను యాక్సిల్ మీది గుంటకన్నా సన్నగా ఉంది. చేత్తో కదిపితే ముందుకీ వెనక్కీ ఆడుతోంది. యాక్సిల్‌ని సరైన చోట కూర్చోబెట్టాల్సిన పిన్ను అది! పైగా వాళ్లిచ్చిన సూచనల కాగితంలో "ఇంకా ఎత్తు కావాలంటే రెండు బ్లాకులు ఒకదాని మీద ఒకటి పెట్టుకోవచ్చు, ముందు యాక్సిల్‌కీ వాడొచ్చు" అని ఉంది. ఈ రెండూ ఎప్పుడూ చేయకండి. బ్లాకు మీద బ్లాకు ఎక్కిస్తే బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలితిప్పే బలానికి అవి జారిపోయే ప్రమాదం ఉంది. ముందు యాక్సిల్‌కి స్టీరింగ్ కూడా ఉంటుంది కాబట్టి అక్కడ బ్లాకు అసలు పెట్టకూడదు. ఆ ఒక్క వాక్యం చూస్తేనే వీళ్లకి ఈ పని తెలియదని అర్థమవుతుంది.

బ్రేక్ హోస్ పైపు మీద ఒక్క అక్షరం లేదు, నల్లటి రబ్బరు, అంతే. అసలైన హైడ్రాలిక్ బ్రేక్ హోస్ మీద తయారీదారు గుర్తు, తయారైన తేదీ, లోపలి వ్యాసం, ఏ ప్రమాణం ప్రకారం చేశారో అచ్చువేసి ఉంటాయి. వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జె1401 అనేది బాగా వాడుకలో ఉన్న ప్రమాణం. ఏమీ రాయని పైపుని బ్రేకుకి వేయకండి, ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే. దీని చివర లోహపు తొడుగు నొక్కిన తీరు కూడా ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన ఉంది. బ్రేక్ పెడల్ మీద గట్టిగా తొక్కినప్పుడు ఆ ప్రెషరంతా పడేది ఆ తొడుగు మీదే.

ఇంకొక విషయం ప్రకటనలో ఎక్కడా లేదు. చాలా పాత పికప్పుల్లో వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య చిన్న కడ్డీతో కలిపిన వాల్వు ఉంటుంది. లోడు ఉంటే ఛాసిస్ కిందికి దిగుతుంది, ఆ వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఖాళీగా ఉంటే ఛాసిస్ పైకి లేస్తుంది, వెనక చక్రాలు లాక్ కాకుండా ప్రెషర్ తగ్గిస్తుంది. మనం బ్లాకు పెట్టి రెండు అంగుళాలు లేపితే, బండి నిండా బరువున్నా ఆ వాల్వుకి తెలియదు. ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకులు తగ్గించేస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడి, బండి ఆగే దూరం పెరుగుతుంది. ఎత్తు పెంచినంత మేరకు ఆ కడ్డీ బ్రాకెట్‌నీ మార్చి, మాన్యువల్ ప్రకారం మళ్లీ సెట్ చేయాలి. "ఇంకేమీ కొనక్కర్లేదు" అని రాసిన కిట్టులో ఆ బ్రాకెట్టూ లేదు, ఆ ప్రస్తావనా లేదు. చెడ్డ ఇనుము అమ్మడం ఎంత తప్పో, ఇది చెప్పకపోవడం కూడా అంతే తప్పని నా అభిప్రాయం.

షాక్ అబ్జార్బర్లలో ఒకటి పెట్టెలోనే ఆయిల్ కారింది. వైరింగ్ సెట్టు తీగని బ్లేడుతో గీకితే రాగి రంగు పోయి తెల్లటి అల్యూమినియం బయటపడింది. అల్యూమినియం అదే మందంలో రాగి అంత కరెంటు మోయలేదు, వేడెక్కుతుంది. పైగా ఫ్యూజు బ్యాటరీ దగ్గర కాకుండా స్విచ్చు దగ్గర పెట్టారు. అలా ఉంటే మధ్యలో తీగ ఛాసిస్‌కి రాసుకుని షార్ట్ అయినా ఫ్యూజు కాపాడదు. ఫ్రీ అని వచ్చినదాన్ని వాడితే బండి కాలిపోయే ప్రమాదం ఉంది.

కొనే ముందు ఏం చూడాలంటారా? "ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అని రాస్తే అక్కడే ఆగండి. ఒకే పేరుతో వచ్చిన బండిలోనే తరం మారితే కమాన్ పట్టీ వెడల్పు, యాక్సిల్ గొట్టం వ్యాసం మారిపోతాయి. యూ బోల్టుకి కడ్డీ మందం, లోపలి వెడల్పు, కాళ్ల పొడవు, వంపు గుండ్రమా చదరమా అనేవి తెలియాలి. ఇవి చెప్పలేనివాడి దగ్గర కొనొద్దు. రివ్యూలు చదివేటప్పుడు స్టార్లు కాదు, మాటలు చూడండి. నేను కొన్నచోట దాదాపు అందరూ రాసింది "ప్యాకింగ్ బాగుంది, త్వరగా వచ్చింది" అనే. బిగించి కొన్ని నెలలు నడిపాక రాసినవాళ్లు ఒక్కరూ కనపడలేదు.

గ్రేడు ఎంత, బ్లాకు దేనితో చేశారు, బ్రేక్ పైపు ఏ ప్రమాణానిది అన్న ప్రశ్నలు కొనక ముందే చాట్‌లో రాసి అడగండి. ఫోన్‌లో వద్దు, రాతలో ఉంటేనే రేపు ఫిర్యాదుకి పనికొస్తుంది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, బిగించే ముందే బల్ల మీద పెట్టి అయస్కాంతం, వెర్నియర్ (మందం, వ్యాసం కొలిచే సాధనం), మర గేజితో చూడండి. స్పానర్ గుర్తు పడ్డాక వాపసు అడిగితే "వాడిన సరుకు" అంటారు. నాకు ఇప్పటిదాకా వచ్చింది షాక్ అబ్జార్బర్ల డబ్బు మాత్రమే, అదీ ఆయిల్ కారుతున్న వీడియో ఉండబట్టి. మిగతాదాని మీద ఫిర్యాదు నడుస్తోంది.

బండి కింద దూరేవాళ్లకు ఒక మాట: లేపిన బండిని కింద నుంచి మోసే జాక్ స్టాండ్లను కూడా ఇలాగే అనుమానించండి. 2020లో అమెరికాలో ఒక పెద్ద సంస్థ అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లు బరువు మీద ఉండగా జారిపోయే అవకాశం ఉందని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. స్టాండ్లు పెట్టాక బండిని గట్టిగా ఊపి చూడండి, ఊడదీసిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టండి.

ఇప్పటికే ఇలాంటి కిట్టు బిగించి నడుపుతున్నవాళ్లు ఇవాళే కొన్ని చూసుకోండి. రెండు పక్కలా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి టేపుతో కొలవండి, స్టీరింగ్ తిన్నగా ఉంచి. రెండు కొలతలూ ఒకటిగా ఉండాలి. నట్ల మీద టార్క్ రెంచి పెట్టి చూడండి. కొత్త యూ బోల్టులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త సర్దుకోవడం మామూలే, ఒకసారి మళ్లీ బిగించాల్సిందే. కానీ బిగించిన ప్రతిసారీ మళ్లీ వదులవుతుంటే అది సర్దుకోవడం కాదు, సాగడం. సాగిన యూ బోల్టుని ఇంకా బిగించకండి, మార్చేయండి. ఊడదీసిన పాత యూ బోల్టులు మళ్లీ వాడకండి. ఛాసిస్‌ని లేపి వెనక చక్రాలు వేలాడేలా చేసి బ్రేక్ హోస్ బిగదీసుకుంటోందేమో చూడండి. రెండు పక్కల కొలతల్లో తేడా కనిపిస్తే బండిని ఉన్నచోటే ఉంచి, కొత్త సెంటర్ బోల్టు, గ్రేడు తెలిసిన కొత్త యూ బోల్టులు పడ్డాకే బయటికి తీయండి.