‘జస్ట్’ దగ్గర తడబడిన డిక్షనరీ యాప్

మా అమ్మాయి హోంవర్క్ పుణ్యమా అని ఈ యాప్‌లో ‘జస్ట్’ వెతికాను. మొదటి అర్థం ‘కేవలం’. సరే, ‘జస్ట్ టూ’కి అది చాలు. మరి ‘ఐ హావ్ జస్ట్ ఈటెన్’? ‘నేను కేవలం తిన్నాను’ అని రాసేసింది పిల్ల! ‘ఇప్పుడే’ అన్న అర్థం కోసం మూడుసార్లు కిందికి జరపాలి. ‘జస్ట్ మిస్డ్’కి ‘కొద్దిలో తప్పింది’ అని ఇచ్చిన ఉదాహరణ మాత్రం బాగుంది. నన్నడిగితే మాట చివర చేర్చే మన ‘ఏ’ చాలు: రెండే, ఇప్పుడే, అచ్చం అలాగే. ఆ ముక్క యాప్‌లో ఎక్కడా లేదు. విశేషణమైతే ‘న్యాయమైన’ అని వేరే పేజీలో చూపించారు, అది నచ్చింది. ఉచ్చారణ ఆడియో స్పష్టంగా ఉంది. ఐదుకి మూడు స్టార్లు.