ఫ్రిజ్జు లేని మూడు రోజులు: ఏళ్ళ తరబడి గుడారానికి మోసిన తిండి సామానుపై సమీక్ష

2018 డిసెంబరు నుంచి, 2020ని మినహాయిస్తే, ఏటా కనీసం రెండుసార్లు మా కుటుంబం అనుమతి ఉన్న చోట గుడారం వేసుకుని రెండు రాత్రులు బయట గడుపుతోంది. ఎక్కువగా వెళ్ళేది గండికోటకు. లంబసింగి, మారేడుమిల్లి, వికారాబాదు దగ్గరి అనంతగిరి కూడా చూశాము. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా బావమరిది వాళ్ళు కలిస్తే ఏడుగురం. హైదరాబాదు నుంచి గండికోట చేరడానికే దాదాపు ఒక పగలు పడుతుంది కాబట్టి తిండి లెక్క ఇంటి గుమ్మం దాటినప్పుడే మొదలవుతుంది. ఈ సమీక్ష ఏ ఒక్క వస్తువుకో పరిమితం కాదు. ఆ మూడు రోజుల కోసం మేము కొన్న, వండిన, మోసిన, కొన్నిసార్లు పారబోసిన సామాను మొత్తానిది.

మొదట కొన్నది 25 లీటర్ల ఐస్ పెట్టె. అది ఉంటే ఇంట్లోని ఫ్రిజ్జును వెంట తీసుకువెళ్ళినట్టేనని నమ్మి, తొలి ప్రయాణంలో పెరుగు, పాలు, కోడిమాంసం, కొబ్బరి పచ్చడి, తరిగిన కూరగాయలు అన్నీ అందులోనే సర్దాము. రెండో రోజు మధ్యాహ్నానికి ఐసు ముక్కలన్నీ నీళ్ళయ్యాయి. ఆ నీళ్ళలో పచ్చడి డబ్బా తేలుతూ ఉంది. మాంసం సంచి నుంచి కారిన ఎర్రనీరు పెరుగు గిన్నె మూత మీదికి చేరింది. అంతా పారబోసి ఆ పూట బిస్కెట్లతో సరిపెట్టుకున్నాము. తప్పు పెట్టెది కాదు. ఒక గ్రాము ఐసు కరగడానికి దాదాపు 80 కేలరీల వేడిని పీల్చుకుంటుంది, పూర్తిగా కరిగేవరకు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అయితే చిన్న ముక్కలకు గాలి తగిలే మేర ఎక్కువ కాబట్టి త్వరగా కరుగుతాయి, పైగా పిల్లలు చల్లని నీళ్ళ కోసం గంటకోసారి మూత తీస్తారు. ఇప్పుడు లీటరు సీసాలలో మెడ దాకా నింపకుండా నీళ్ళు పోసి, రెండు రోజుల ముందే గడ్డకట్టించి పెడుతున్నాము. కరిగాక ఆ నీళ్ళు తాగడానికి పనికివస్తాయి, సామాను తడవదు. ఇంత చేసినా నమ్మదగిన చల్లదనం మాకు మరునాటి ఉదయం వరకే దక్కింది. మొదటి రాత్రి భోజనం కోసమైతే ఈ పెట్టె కొనవచ్చు. మూడు రోజుల కోసమైతే వద్దనే చెబుతాను.

ఆ బిస్కెట్ల పూట సంగతి విన్న మా అత్తగారు, “మేము చిన్నప్పుడు అహోబిలం తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని పోయేటప్పుడు ఏ పెట్టె ఉండింది నాయనా?” అన్నారు. వేళాకోళంగా అన్నా, మా పద్ధతి మారింది ఆ మాటతోనే. చల్లగా ఉంచితే నిలిచే వాటిని వదిలి, చల్లదనంతో పనిలేని వాటిని వెతకడం మొదలుపెట్టాము. అవి ఎక్కడో లేవు, మా వంటింటి అటకమీదే ఉన్నాయి.

వాటిలో నేను అన్నిటికన్నా పైన నిలిపేది పులిహోర గుజ్జు. చింతపండు రసాన్ని నూనె, పసుపు, ఉప్పు, మిరపకాయలతో నూనె పైకి తేలేవరకు ఉడికించి, పూర్తిగా చల్లారాక పొడి సీసాలో పెడితే, తడి చెంచా తగలనంతకాలం అది చెడిపోయిన సందర్భం మాకు ఎదురుకాలేదు. పులుపు, ఉప్పు, నీరు ఇగిరిపోవడం, పైన నూనె పొర, ఈ నాలుగూ కలిసి దానిని కాపాడతాయి. ప్రయాణపు రోజుకు తెల్లవారుజామున కలిపిన పులిహోరనే తీసుకువెళ్తాము. మిగతా రోజులకు గుజ్జు మాత్రమే వస్తుంది, అన్నం అక్కడ వేడిగా వండుతాము. కలిపిన పులిహోర విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి: అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పూర్తిగా ఆరబెట్టిన తరువాతే డబ్బాకు ఎత్తాలి. వేడిగా ఉండగా మూత పెడితే ఆవిరి మూతకు పట్టి, చుక్కలుగా అన్నం మీదనే పడి, ఆ తడి చోటునుంచే చెడడం మొదలవుతుంది. చలికాలంలో మా పులిహోర రాత్రి భోజనం దాకా నిలిచింది. ఎండాకాలంలో మధ్యాహ్నం దాటనివ్వను.

పులుపు లేని అన్నం సంగతి వేరు. పులిహోర నిలిచింది కదా అని ఒకసారి రాత్రి మిగిలిన అన్నాన్ని, పప్పును క్యారియర్‌లో బిగించి పెట్టాము. ఉదయానికి పప్పు మీద నురగ తేలింది. అన్నం వాసన మాత్రం మామూలుగానే ఉంది. పప్పు పారబోసి, అన్నాన్ని వేయించుకుని తిన్నాము. మా బావమరిది మధ్యాహ్నం వరకు వాంతులతో గుడారంలోనే పడుకున్నాడు. వాసన లేని ఆ అన్నమే కారణమని నా అనుమానం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికే వేడికి కూడా చావవు; అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేల్కొని విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. అప్పటినుంచి ఏ పూటకు ఆ పూటే కొలిచి వండుతున్నాము. పెద్దవారికి 110 గ్రాములు, పిల్లలకు 70 గ్రాముల బియ్యం చొప్పున ఇంట్లోనే పూట పూటకు విడి సంచులు కట్టి, లోపల చీటీ వేస్తాము. ఇది చాదస్తంగా కనిపించవచ్చు కానీ, మిగిలేది లేకపోతే పాడయ్యేదీ లేదు.

పొద్దుటి ఫలహారానికి, బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గానికి సాటివచ్చేది నాకు దొరకలేదు. బొరుగులు బరువుండవు, నిలువ ఉంటాయి. వాటిని నీళ్ళలో తడిపి, గట్టిగా పిండేసి, ఎర్రగడ్డలు, పచ్చిమిరప తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లితే పది నిమిషాలలో నలుగురికి సరిపోతుంది, గ్యాసు కూడా పెద్దగా ఖర్చుకాదు. వాటితో ఉన్న తంటా ఒక్కటే, కారులో చోటు ఎక్కువ తీసుకుంటాయి. ఆ తంటానే మేము లాభంగా మార్చుకున్నాము: బొరుగుల డబ్బా మధ్యలో పచ్చి కోడిగుడ్లను పాతిపెడితే కొండదారి కుదుపులకు కూడా ఒక్కటీ పగలలేదు. గుడ్లను ఇంట్లో ఉడికించి తీసుకురావడం భద్రమని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి ఉడికిస్తే పెంకు మీది సహజమైన పూత పోయి, అవే త్వరగా పాడవుతాయి. పచ్చివి శీతాకాలంలో మూడు రోజులు నిశ్చింతగా నిలుస్తాయి. పల్చగా కాల్చి ఎండబెట్టిన జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, చల్లమిరపకాయలు మధ్యాహ్నపు భోజనాన్ని పొయ్యి వెలిగించకుండానే గడిపేస్తాయి. పిల్లలు మొదట మొహం చిట్లించారు. పొడిలో నెయ్యి వేసిన తరువాత ఫిర్యాదు లేదు. ప్యాకెట్ నూడుల్సుకు మార్కులు ఇవ్వలేను: నీళ్ళు ఎక్కువ తాగిస్తాయి, రెండు గంటలకే మళ్ళీ ఆకలి.

పాల విషయంలో దీర్ఘకాలం నిలిచే అట్టపెట్టె పాలు చక్కగా పనిచేశాయి. వాటిని దాదాపు 140 డిగ్రీల వద్ద కొద్ది క్షణాలు వేడిచేసి గాలి చొరకుండా నింపుతారు కాబట్టి, తెరవనంతవరకు ఫ్రిజ్జు అక్కరలేదు. తెరిచాక అవి మామూలు పాలే. లీటరు పెట్టె చౌక అని కొని సగం పారబోసిన తరువాత 200 మిల్లీలీటర్లవే కొంటున్నాము. వాటినే గోరువెచ్చగా కాచి, ఒక చెంచా తోడు వేసి, గిన్నెను దుప్పటిలో చుడితే గండికోటలో తెల్లవారేసరికి పెరుగు తోడుకుంది. లంబసింగి జనవరి చలిలో మాత్రం ఉదయం పది దాటినా పాలు పాలలాగానే ఉన్నాయి.

ఆ చలే పొయ్యిని కూడా పరీక్షించింది. మాది పెట్టెలా ముడుచుకునే పొయ్యి, పక్కన పొడవాటి బ్యూటేన్ డబ్బా పడుతుంది. నిండు మంట మీద ఒక డబ్బా గంటన్నరకు మించి రాలేదు. నలుగురికి మూడు రోజులకు రెండు డబ్బాలు, అదనంగా ఒకటి అవసరమవుతాయి. బ్యూటేన్ దాదాపు మైనస్ అర డిగ్రీ దగ్గర ఆవిరి కావడం ఆగిపోతుంది. గ్యాసు వెళ్తున్నకొద్దీ డబ్బా దానంతట అదే ఇంకా చల్లబడుతుంది. లంబసింగిలో తెల్లవారుజామున మంట కొవ్వొత్తంత అయ్యి, టీ కాగడానికే అరగంట పట్టింది. ఇప్పుడు డబ్బాను రాత్రి దుప్పట్ల మధ్య ఉంచి, ఉదయం తీస్తాము. మంట దగ్గర పెట్టి వెచ్చబరచడం, గాలికి అడ్డంగా రేకును పొయ్యితోపాటు డబ్బా చుట్టూ కూడా కట్టడం ప్రమాదకరం, ఆ పని ఎవరూ చేయవద్దు. కందిపప్పు ఉడకడానికి గ్యాసు ఎక్కువ తింటుంది. వేయించిన పెసరపప్పు, బియ్యం కలిపి చిన్న కుక్కరులో పొంగలి వండడమే మేలు.

కూరగాయలను చెడే వరుసలో వండితే చాలు: మొదటి రాత్రి ఆకుకూర, మరునాడు వంకాయ, దోరగా ఉన్న టమాటాలు, చివరిరోజు ఉర్లగడ్డలు. తడి గోనెసంచి చుట్టిన కుండలో కాయలు పెట్టడం గండికోట పొడిగాలికి బాగా పనిచేసింది; మారేడుమిల్లి తేమలో సంచి ఆరనే లేదు కాబట్టి చల్లదనమూ రాలేదు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్ళు లెక్కవేసుకుని, దానికి సరిపడా 20 లీటర్ల క్యానులు తీసుకువెళ్తాము.

ఐస్ పెట్టె ఇప్పటికీ మాతో వస్తోంది. మొదటి రాత్రి దాటాక దానిని తుడిచి ఆరబెట్టి, రొట్టెలు, బెల్లం, పొడుల డబ్బాలు అందులోకి మారుస్తాము, ఎందుకంటే గండికోటలో చీమలకూ కోతులకూ లొంగనిది అదొక్కటే. కిందటి డిసెంబరులో ఒక కోతి దాని మూత మీద చాలాసేపు కూర్చుని, గొళ్ళేన్ని రెండువైపులా లాగి చూసి, చివరికి మా బావమరిది చెప్పు ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది.