చిన్న సంఘాల డిజైన్ పనికి ఇంక్‌స్కేప్: ఏళ్ల తరబడి వాడాక

చిన్న సంఘాలకీ, సొంతంగా ఏదో మొదలుపెట్టినవాళ్ళకీ లోగోలు, కరపత్రాలు, వెబ్‌సైట్ ఐకాన్లు చేసిపెడుతుంటాను, అన్నీ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే. 2020లో దాని 1.0 వెర్షన్ రాకముందు నుంచీ వాడుతున్నా. ఫ్రీ కాబట్టి వాడమని అందరూ చెప్తారు గానీ నాకు నచ్చింది అది కాదు.

సంఘంలో డిజైన్ చేసే మనిషి ఎప్పుడూ ఒకడే ఉండడు కదా, ఈ ఏడాది నేను, వచ్చే ఏడాది ఇంకెవరో, అప్పుడు పాత లోగో అడిగితే దొరికేది వాట్సాప్‌లో తిరిగి తిరిగి మసకబారిన ఒక జేపెగ్. ఇంక్‌స్కేప్ సేవ్ చేసేదే ఎస్‌వీజీ, బొమ్మని చుక్కలుగా కాక గీతలు, ఆకారాలుగా దాచే ఫార్మాట్, అందుకే ఎంత పెంచినా మసకబారదు; వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 2001లో స్టాండర్డ్ చేసింది, బ్రౌజర్‌లో నేరుగా తెరుచుకుంటుంది, విజిటింగ్ కార్డుకైనా గోడంత బ్యానర్‌కైనా అదే ఫైలు. ఎవరి అకౌంటూ, పాస్‌వర్డూ అక్కర్లేదు. ఆన్‌లైన్ టెంప్లేట్ సైట్లలో పని వేగంగా అయిపోతుంది, ఒప్పుకుంటా, కానీ ఆ లాగిన్ ఎవరి దగ్గరుందో వెతుక్కోవడం మొదలయ్యాక తెలుస్తుంది అసలు బాధ.

ఫైలు ఇచ్చేముందు మాత్రం రెండు చూసుకోవాలి. ఫోటో ఇంపోర్ట్ చేసేటప్పుడు లింక్ (ఫోటో ఎక్కడుందో మాత్రమే గుర్తుపెట్టుకునేది) కాకుండా ఎంబెడ్ (ఫోటోని ఫైల్లోనే కలిపేసేది) పెట్టాలి, లేకపోతే అవతలివాళ్ళ సిస్టంలో ఫోటో కనపడదు. రెండోది ఫాంట్. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లతో ఒత్తులు, గుణింతాలు చక్కగా వస్తాయి, కానీ ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే ఇంకో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, లేఔట్ అంతా జరిగిపోతుంది. అందుకే 'ఆబ్జెక్ట్ టు పాత్' చేసిన, అంటే అక్షరాల్ని ఫాంట్ అక్కర్లేని ఆకారాలుగా మార్చేసిన కాపీ ఒకటి, అక్షరాలు మార్చుకోడానికి వీలున్న కాపీ ఒకటి, రెండూ ఇస్తాను. పాత్ చేసినదొక్కటే ఇస్తే తర్వాత వచ్చేవాళ్ళు ఫోన్ నంబర్‌లో ఒక్క అంకె కూడా మార్చలేరు.

ఇక ప్రింట్. ఇక్కడే దీని బలహీనత. నేను వాడుతున్న 1.4లో కూడా పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతి రంగుల లెక్క) వస్తుంది, ప్రెస్‌కి కావాల్సింది సీఎంవైకే (అచ్చుకి వాడే నాలుగు ఇంకుల లెక్క). స్క్రీన్ మీద మెరిసిపోయే ఆకుపచ్చ, నీలం కాగితం మీద చప్పగా పడతాయి, అది ఒకెత్తు, నల్ల అక్షరాలది ఇంకో తలనొప్పి: మామూలు నలుపు కూడా మార్పిడిలో నాలుగు ఇంకుల మిశ్రమం అయిపోవచ్చు, ఒక్కో ఇంకుకీ ఉండే అచ్చు ప్లేట్లు ఏమాత్రం అటూఇటూ అయినా చిన్న అక్షరాల అంచులు రంగులు తేలతాయి. ఇలా ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్ పనైతే ఎస్‌వీజీని స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని రంగులు అక్కడ సరిచేసుకుని పీడీఎఫ్ తీస్తాను. రెండు సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలా అంటే అవును, తప్పదు. డిజిటల్ ప్రింట్‌కి మాత్రం చాలాసార్లు ఆర్‌జీబీతోనే నడిచిపోతుంది, ముందు ఒక్క కాపీ తీయించి చూసుకుంటే చాలు.

1.2లో ఒకే ఫైల్‌లో ఎక్కువ పేజీలు పెట్టుకునే వీలొచ్చింది, కరపత్రం రెండు వైపులా ఇప్పుడు ఒకేచోట చేస్తున్నా, హాయిగా ఉంది. పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్ డిఫాల్ట్‌గా 96 డీపీఐ (అంగుళానికి 96 చుక్కలు), ప్రింట్‌కైతే 300కి మార్చుకోండి. వెబ్‌సైట్‌కి 'ప్లెయిన్ ఎస్‌వీజీ'గా సేవ్ చేస్తే ఇంక్‌స్కేప్ సొంత సమాచారం పోయి ఫైలు తేలికవుతుంది. మెష్ గ్రేడియంట్ (వలలాంటి గళ్ళ మీద రంగుల్ని ఒకదాన్లోకి ఒకటి కలిపే పద్ధతి) జోలికి మాత్రం వెబ్ పనిలో వెళ్ళొద్దు, బ్రౌజర్లు దాన్ని చూపించవు.

ఒక్క పోస్టర్ రేపటికల్లా కావాలంటే దీంతో మొదలుపెట్టకండి, నేర్చుకోడానికి టైం పడుతుంది. లోగో లాంటి పదేళ్ళు ఉండాల్సిన పనికి మాత్రం నేను ఇంకోటి చూడను.