గ్రూప్ స్టడీకి 4×3 అడుగుల వైట్‌బోర్డు

హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్లకి ఈ మెలమైన్ పూత బోర్డు సరిపోతుంది. రెండడుగులది వద్దు, ఒకరు నిలబడి రాస్తుంటే వెనకవాళ్లకి ఏమీ కనపడదు. చిక్కల్లా పూతతోనే. రాత్రంతా వదిలేసిన ఇంకు పైపొరలోకి దిగి నీలి చారలు మిగులుతాయి, ఏ రోజుది ఆ రోజే తుడిచేయండి. పొరపాటున పర్మనెంట్ మార్కర్‌తో రాస్తే, దానిమీదే వైట్‌బోర్డు మార్కర్ రుద్ది వెంటనే తుడవండి, చాలావరకు పోతుంది.

బోర్డు కొనడం సగం పనే. బాగా వచ్చినవాళ్లే రాస్తూ పోతే మిగతావాళ్లు నోట్సు దించుకుంటారంతే. రాజ్యాంగంలోని ఆర్టికల్ 32 దగ్గర ఎవరు తడబడతారో వాళ్ల చేతికే మార్కర్ ఇవ్వండి. పక్కవాళ్లు నోటితోనే సాయం చెయ్యాలి, మార్కర్ లాక్కోకూడదు. డబ్బు వెసులుబాటుంటే సిరామిక్ పూతది తీసుకోండి, చారలు అంతగా పట్టవు.