ఎమ్మారై కాంట్రాస్ట్: గాడోలినియమా, ఇనుప నానో కణాలా?

ఎమ్మారై స్కాన్ మధ్యలో చేతి నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు (బొమ్మలో తేడాలు స్పష్టంగా తెలిసేలా చేసేది) మామూలుగా గాడోలినియం అనే లోహంతో చేసినదే. నీళ్లలా తేటగా ఉంటుంది. దానికి పోటీగా వినిపించే ఇనుప నానో కణాల మందు ఫెరుమాక్సిటాల్ మాత్రం నల్లటి కషాయంలా ఉంటుంది. ఏది మేలో తేలాలంటే శరీరం దేన్ని ఎలా వదిలించుకుంటుందో చూడాలి.

గాడోలినియం చేరిన చోట బొమ్మ తెల్లగా మెరుస్తుంది. విడిగా అది విషం కాబట్టి రసాయన పంజరంలో బిగించి ఇస్తారు. అణువు చిన్నది, కిడ్నీలు బాగుంటే గంటన్నరలో సగం రక్తం నుంచి వెళ్లిపోతుంది. కిడ్నీలు చెడినవారిలో చర్మం గట్టిపడిపోయే జబ్బుకూ దీనికీ సంబంధం ఉందని 2006లో బయటపడింది. పదేపదే ఈ మందు తీసుకున్నవారి మెదడులో దాని ఆనవాళ్లను 2014లో జపాన్ వైద్యులు చూపారు. పంజరం వదులుగా ఉండే లీనియర్ రకాల్లో చాలావాటిని ఐరోపా 2017లో ఆపేసింది. మాక్రోసైక్లిక్ రకాల్లో పట్టు గట్టిది కాబట్టి ఇప్పుడు ఆ భయం బాగా తగ్గింది.

ఇనుప కణాల దారి వేరు. సుమారు 30 నానోమీటర్ల కణం కిడ్నీ వడపోతలో దూరదు. అందుకే గంటల తరబడి రక్తంలోనే తిరుగుతుంది, రక్తనాళాలను తీరిగ్గా చూడవచ్చు. చివరికి కాలేయం, ప్లీహం, లింఫ్ గ్రంథుల్లోని భక్షక కణాలు దాన్ని మింగుతాయి. ఆ ఇనుము రక్తం తయారీకి పనికొస్తుంది. నిజానికి అమెరికాలో 2009లో ఇది అనుమతి పొందింది కిడ్నీ రోగుల రక్తహీనతకు మందుగానే. రేడియాలజిస్టులు తర్వాత అరువు తెచ్చుకున్నారు.

దీని అసలు సత్తా లింఫ్ గ్రంథుల దగ్గర కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కణాలను మింగి స్కాన్‌లో నల్లబడుతుంది. క్యాన్సర్ పాకిన భాగంలో మింగేవాళ్లు ఉండరు, అది తెల్లగానే మిగులుతుంది. 2003లో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 80 మందిపై ఇలాంటి కణాలే ఉన్న మరో మందుతో చేసిన పరిశీలనలో, మామూలు ఎమ్మారై వ్యాధి సోకిన గ్రంథుల్లో 35 శాతాన్ని పట్టుకుంటే, ఈ పద్ధతి 90 శాతాన్ని పట్టుకుంది. గ్రంథి పరిమాణం చూసి తీర్పు చెప్పే పాత లెక్కకు ఇది గట్టి దెబ్బ. అయినా ఆ పరిశీలనలో వాడిన మందుకు అమెరికాలో అనుమతి రాలేదు.

ఇనుముకూ మచ్చ ఉంది. ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చని 2015లో ఫెరుమాక్సిటాల్‌పై అమెరికా అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. కనీసం పావుగంట నెమ్మదిగా ఎక్కించి, మరో అరగంట కనిపెట్టుకుని ఉండాలి. రద్దీగా ఉండే స్కానింగ్ సెంటర్‌కు ఇది చిన్న పని కాదు.

నానో అనగానే మెరుగైనదే అనుకోవడం నాకు నచ్చదు. కిడ్నీలు సరిగ్గా ఉండి, మెదడుకో వెన్నుకో తీసే మామూలు స్కాన్ అయితే మాక్రోసైక్లిక్ గాడోలినియమే మేలు. డయాలసిస్ రోగి రక్తనాళాలు చూడాలన్నా, క్యాన్సర్ గ్రంథులకు పాకిందా అన్నది తేలాలన్నా నా ఓటు ఇనుముకే. ఒకటి మాత్రం మరవకూడదు: రక్తహీనతకు ఫెరుమాక్సిటాల్ ఎక్కించుకుంటే, మూడు నెలల దాకా ఎమ్మారై బొమ్మలు మారి కనిపించవచ్చు. స్కాన్‌కు ముందే ఆ సంగతి టెక్నీషియన్‌కు చెప్పండి.