ఒంగోల్లో సహాయకుల శిక్షణ: మా మేనల్లుణ్ణి పంపాను, నేనూ వెళ్లాను

ఇంట్లో వీల్‌చైర్ మనిషి ఉండి, చూసుకోవడానికి ఒక కుర్రాణ్ణో అమ్మాయినో పెట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒంగోలు కర్నూలు రోడ్డు వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ అద్దె ఇంట్లో సహాయకులకు వారం పాటు శిక్షణ ఇస్తోంది. పంపండి. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు ఆడవాళ్ల విషయంలో. ఆ సంగతి కింద రాస్తాను, అది మాత్రం వదలకుండా చదవండి.

నేను చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌గా చేసేవాణ్ణి. పనిలో ఉండగా పైనుంచి పడి మెడ ఎముక విరిగింది. దెబ్బ సి6 దగ్గర, అంటే మెడలో ఆరో పూస. భుజాలు ఆడతాయి, మోచెయ్యి మడుస్తాను, మణికట్టు పైకెత్తుతాను. వేళ్లు కదలవు. ఛాతీ కింద నుంచి కదలికా లేదు, స్పర్శా లేదు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి లారీల లోడు లెక్కలు, బిల్లులు చూస్తుంటాను. అరచేతికి పట్టీ కట్టించుకుని అందులో పెన్సిల్ దూర్చి టైపు చేస్తాను. నాతో ఉండేది మా అక్క కొడుకు. 2024 జులై నుంచి మాలాంటివాళ్ల పింఛను 15,000 అయింది కదా, అందులో చాలావరకు వాడి జీతానికే పోతుంది. వాడికి బలం ఉంది, నా మీద ప్రాణం ఉంది. ఆ రెండూ ఉంటే చాలని మా చుట్టాలందరూ అంటారు. చాలవు.

ఎందుకు చాలవో నా చేతి వేళ్ల సంగతి చెబితే తెలుస్తుంది. మావాడు రోజూ పొద్దున నూనె రాసి, నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని తిన్నగా సాగదీసేవాడు. మణికట్టు కూడా వెనక్కి వంచి మరీ లాగేవాడు. బిగుసుకుపోకుండా ఉంటాయని వాడి ఆశ. శిక్షణలో అదే చేసి చూపించమన్నారు. ఫిజియో అమ్మ చూసి, "ఆగు నాయనా, అట్టా సాగదీయబాకు" అంది. నా మణికట్టు కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా పైకెత్తింది. కదలని నా వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకున్నాయి, బొటనవేలు వచ్చి చూపుడువేలికి ఆనుకుంది. మణికట్టు కిందికి వాల్చింది, వేళ్లు విచ్చుకున్నాయి. వేళ్లకి వచ్చే నరాలు పనిచెయ్యకపోయినా, వేళ్లను ముడిచే కండరాల తాళ్లు మణికట్టు మీదుగా పోతాయట. మణికట్టు ఎత్తితే ఆ తాళ్లు బిగిసి వేళ్లను లాగుతాయి. అవి కాస్త పొట్టిగా ఉంటేనే పట్టు వస్తుంది. మణికట్టూ వేళ్లూ రెండూ ఒకేసారి వెనక్కి సాగదీస్తే తాళ్లు వదులైపోయి ఆ పట్టు పోతుంది. కాబట్టి వేళ్లు చాపాలంటే మణికట్టు కిందికి వంచాలి, మణికట్టు ఎత్తితే వేళ్లను ముడవనివ్వాలి. అంతే పాఠం. తర్వాత ఒక తేలికపాటి ప్లాస్టిక్ గ్లాసులో సగం నీళ్లు పోసి నా ముందు పెట్టింది. మణికట్టు ఎత్తి పట్టుకున్నాను. తాగాను. మెడ విరిగిన తర్వాత ఒకరు పట్టకుండా నేను నీళ్లు తాగింది అదే మొదలు. నేను నెలల తరబడి ఉన్న ఆసుపత్రిలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ప్రేమతో చేసే సాయం కూడా ఉన్న శక్తిని తీసెయ్యగలదు. ఈ శిక్షణంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, అందుకే నాకు నచ్చింది.

ముఖ్య శిక్షకురాలు కూడా వీల్‌చైర్‌లోనే ఉంటారు. సహాయకులకు ఎంత చెబుతారో, సాయం తీసుకునేవాళ్లకూ అంతే చెబుతారు. పని ఎలా చెప్పాలి, వద్దని ఎలా అనాలి, జీతం, సెలవులు ముందే ఎలా మాట్లాడుకోవాలి, ఇవన్నీ మా పాఠాలు. అమెరికాలో బర్కిలీ అనే ఊళ్లో 1972లో ఎడ్ రాబర్ట్స్, ఆయన స్నేహితులు మొదలుపెట్టిన కేంద్రం గురించి చెప్పారు. పోలియో వల్ల ఆయనకు ఊపిరి తీసుకోవడానికి కూడా యంత్రం కావాల్సి వచ్చేది. అలాంటి మనిషి, తనకెవరు సాయం చెయ్యాలో, ఎలా చెయ్యాలో తానే చెబుతానన్నాడు. సొంతంగా బతకడం అంటే అన్నీ ఒంటరిగా చేసుకోవడం కాదు, నిర్ణయం మన చేతిలో ఉండటం అని ఆవిడ చెప్పిన మాట మా ఇంట్లో బాగా పనికొచ్చింది. చొక్కా నేను వేసుకుంటే పావుగంట పైనే పడుతుంది, మావాడు వేస్తే నిమిషం. లోడ్ల ఫోన్లు ఎక్కువగా ఉండే రోజు వాడు వేస్తాడు. ఆదివారం నేనే వేసుకుంటాను, వాడు మంచం అవతల కూర్చుంటాడు. ఏ రోజు ఎవరన్నది నేనే చెబుతాను.

బయటికి వెళ్లినప్పుడు తేడా ఇంకా బాగా కనిపిస్తోంది. ఇదివరకు కొట్టుకెళ్లినా బ్యాంకుకెళ్లినా అందరూ మావాడితోనే మాట్లాడేవాళ్లు. వాడూ మర్యాద కొద్దీ జవాబు చెప్పేవాడు. శిక్షణలో వీళ్లకి ఒక పద్ధతి నేర్పారు: కుర్చీ పక్కన కాకుండా అరడుగు వెనక నిలబడాలి, ఎవరన్నా తమను అడిగితే జవాబు చెప్పకుండా కుర్చీలో ఉన్న మనిషి వైపు చూడాలి. మొన్న ఒక కౌంటర్ దగ్గర, "ఈయన వేలిముద్ర వేస్తాడా, సంతకమా?" అని వాణ్ణి అడిగారు. వాడు పలకలేదు, నా వైపు చూశాడు. అడిగినాయన వేరే దారిలేక నా వైపు తిరిగాడు. "సంతకమే సార్, ప్యాడ్ కాస్త కిందికి పెట్టండి" అన్నాను. బయటికొచ్చాక మావాడు, "మామా, నోరు మూసుకుని ఉండటం ఇంత కష్టమా?" అన్నాడు. కష్టమే. నేర్పితే గాని రాదు.

తలనొప్పి పాఠం గురించి వేరే చెప్పాలి, ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి. టి6 (ఛాతీ వెనక ఆరో పూస) దగ్గర గానీ అంతకి పైన గానీ వెన్ను దెబ్బతిన్నవాళ్లకి ఉన్నట్టుండి తల పగిలిపోయేట్టు నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బ తగిలిన చోటుకి పైన చెమటలు వస్తే, అది బీపీ ఒక్కసారిగా పెరగడం. కిందెక్కడో ఒంట్లో ఏదో ఇబ్బంది ఉంది, మనకి స్పర్శ లేదు కాబట్టి తెలియదు. పడుకోబెట్టకూడదు, బీపీ ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టు, బిగుతు బట్టలు వదులు చేసి, ముందు యూరిన్ గొట్టం మడత పడిందేమో, బ్యాగు నిండిందేమో చూడాలి. అదికాకపోతే మలబద్ధకం, లేదంటే ఒత్తుకున్న చెప్పు, మడత పడిన గుడ్డ. తగ్గకపోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రి. మావాడు ఇదంతా పెద్దక్షరాలతో రాసి బీరువా తలుపుకి అంటించాడు. ఒక రాత్రి నిజంగానే అవసరం పడింది. గొట్టం తొడ కింద నలిగింది. సరిచేసిన కాసేపటికే తలనొప్పి దిగింది. ఫీజు ఆ రాత్రే తీరిపోయింది అనుకున్నాను.

పుండ్లు పడకుండా రాత్రిపూట రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, కుర్చీలో మధ్యమధ్యలో ముందుకి వంచడం, చంకల కింద పట్టి లాగకుండా మంచం నుంచి కుర్చీలోకి నున్నటి పలక మీద జరపడం, ఇవన్నీ బాగానే నేర్పారు.

ఇక లోపాలు. 1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. ఆ 21నీ ఒక్క మధ్యాహ్నంలో స్క్రీను మీద చూపించి ముగించారు. మా బ్యాచ్‌లో ఆటిజం ఉన్న కూతుర్ని చూసుకునే తల్లి ఒకావిడ పొదిలి నుంచి వచ్చింది. వారమంతా ఓపిగ్గా కూర్చుంది. ఆవిడ కూతురికి పనికొచ్చే పాఠం ఒక్కటీ లేదు. చేరేటప్పుడే ఈ మాట చెప్పి ఉండాల్సింది. గుమ్మం దగ్గర రెండు మెట్లు, అడుగు ఎత్తు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల ర్యాంపు ఉండాలని పాఠంలో వాళ్లే చెప్పారు, గుమ్మంలో ఉన్నది మాత్రం పొట్టి చెక్క పలక. ఇద్దరు వెనక పట్టుకుంటే గాని ఎక్కలేకపోయాను. ఇది అద్దె ఇల్లు, సర్దుకుంటాను.

సర్దుకోలేనిది ఇది. సహాయకుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే, సాయం అవసరమైన ఆడపిల్లలూ ఉన్నారు. స్నానం, నెలసరి, మల విసర్జన పాఠాలు మగా ఆడా అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి బొమ్మల మీద గబగబా చెప్పారు. ఎవరూ ప్రశ్న అడగలేదు, ఎలా అడుగుతారు? ఒంటి మీద చెయ్యి వేసే ముందు ఎలా అడగాలి, ఎవరైనా తప్పుగా తాకితే ఆ పిల్ల ఎవరికి చెప్పాలి అన్నది నాలుగు మాటల్లో తేల్చేశారు. పొదిలి ఆవిడ భయమంతా దాని గురించే. కూతురికి ఇరవై ఏళ్లు, తన తర్వాత ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఆవిడ ప్రశ్న.

ఉద్యోగం కోసం చేరేవాళ్లకి ఒక మాట. వీళ్లిచ్చే సర్టిఫికెట్ సొంతది, వికలాంగుల సేవల కోర్సులకు గుర్తింపు ఇచ్చే, 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సు కాదు. అలాంటిది కావాలంటే నెల్లూరులో ఉన్న కేంద్ర ప్రభుత్వ సి.ఆర్.సి.లో (వికలాంగుల పునరావాస కేంద్రం) వాకబు చెయ్యండి. ఇంట్లో మనిషిని చూసుకోవడానికైతే ఇది సరిపోతుంది. ఫీజు మావాడి సగం నెల జీతమంత, విడతలుగా తీసుకున్నారు. భోజనం మనమే తీసుకెళ్లాలి. మీ వీల్‌చైర్, మీ మెత్త, మీరు వాడే గొట్టాలు వెంట తీసుకెళ్లండి, మన సామాను మీద నేర్చుకుంటేనే ఇంటికొచ్చాక చెయ్యి తిరుగుతుంది.

చివరి రోజు ఆడవాళ్లకి విడిగా బ్యాచ్ పెట్టమని శిక్షకురాలిని అడిగాను. మనుషులు చేరితే పెడతామన్నారు. పొదిలి ఆవిడ పేరు, ఫోన్ నంబరు ఆ జాబితాలో మొదట రాయించి వచ్చాను. మీ ఇంట్లో ఎవరన్నా ఉంటే వాళ్ల పేరు కూడా రాయించండి.