ఓడలో బాల్కనీ గది: నంబరు చూసే తీసుకోండి

మాది తిరుపతి, కొర్లగుంట. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అమ్మకి 71 ఏళ్ళు. నాన్న పోయాక ఊరు దాటి ఎక్కడికీ రాలేదు. సముద్రం అంటే మద్రాసు మెరీనాలో కాళ్ళు తడుపుకోవడం వరకే తెలుసు. మొన్న జనవరిలో సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్ళీ సింగపూర్‌లో దిగే నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్ళాను. గది ఎంచుకోవడానికే మూడు వారాలు పట్టింది.

మొదట అడిగిన ఏజెంట్ "బాల్కనీ ఏదైనా ఒకటే మేడమ్" అన్నారు. తక్కువలో వస్తుందని గ్యారంటీ గది చూపించారు. అందులో బాల్కనీ ఖాయం, కానీ ఏ డెక్ (ఓడలో అంతస్తు), ఏ నంబరు అన్నది కంపెనీ తర్వాత చెబుతుంది. తిరుమల కొండ మీద గదులు కేటాయించే సీఆర్వో ఆఫీసులో ఇచ్చినట్టే, ఏది వస్తే అది. కొండ మీద గదిలో ఉండేది ఎంతసేపు? దర్శనానికి పోతాం, వస్తాం, పడుకుంటాం. ఇక్కడ అమ్మ రోజులో సగం గదిలోనే ఉంటుంది. పైగా కొండ బస్సెక్కితే రెండో మలుపుకే నిమ్మకాయ వాసన చూసే మనిషి. మనిషికి నాలుగు వేలు ఎక్కువైనా సరే, నంబరు నేనే చూసుకుంటానని చెప్పేశాను.

ఓడ ముందుకీ వెనక్కీ ఊగేటప్పుడు రెండు కొనలూ ఎక్కువ లేస్తాయి, మధ్య భాగం తక్కువ కదులుతుంది. ఎంత పై డెక్ అయితే పక్కలకి ఊగడం అంత ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి మధ్యలో, బాల్కనీలు ఉన్న డెక్‌లలో కిందిది కావాలి. వెనక కొసన ఉండే బాల్కనీలు పెద్దవి, ఓడ వెనక తెల్లటి నురగ దారి కనిపిస్తుంది, ఫోటోల్లో చాలా బాగుంటాయి. కానీ ఇంజిన్ల అదురు అక్కడే ఎక్కువ, లిఫ్టు నుంచి నడక కూడా ఎక్కువ. అమ్మ మోకాళ్ళకి అది కుదరదు.

డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏది ఎక్కడుందో చూపే పటం, ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మన గది ఉన్న డెక్ ఒక్కటే చూస్తే చాలదు. దాని పైదీ కిందిదీ పక్కపక్కన పెట్టి చూడాలి. పైన స్విమ్మింగ్ పూల్ ఉంటే తెల్లారక ముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటర్ ఉంటే రాత్రి డ్రమ్ముల మోత. పైనా కిందా గదులే ఉన్న చోటు వెతికాను. రెండు గదుల మధ్య తలుపు ఉన్నట్టు గుర్తు ఉంటే వదిలేశాను, ఆ తలుపులోంచి పక్కవాళ్ళ మాటలు వినిపిస్తాయి. అంతకన్నా ముఖ్యం లైఫ్‌బోట్లు. బాల్కనీకి డబ్బు కట్టి, కుర్చీలో కూర్చుంటే ఎదురుగా నారింజ రంగు పడవ కప్పు కనిపిస్తే ఏం లాభం? ఏజెంట్ మొదట రాసిచ్చిన నంబరు అలాంటిదే. ఓడను పక్క నుంచి తీసిన ఫోటో పెద్దది చేసి, గదులు లెక్కపెట్టి కనిపెట్టాను.

ఇక ఏ పక్క? సింగపూర్ నుంచి మలక్కా జలసంధిలో ఓడ వాయవ్యంగా పోతుంది. అంటే పోయేటప్పుడు ఎడమ వైపు వాళ్ళకి సూర్యాస్తమయం, తిరిగొచ్చేటప్పుడు అదే వైపు సూర్యోదయం. నేను ఎడమ పక్క తీసుకున్నాను. సముద్రంలో ఓడలు మన రోడ్ల మాదిరి కాకుండా కుడి పక్కగా పోతాయి కాబట్టి ఎదురొచ్చే ఓడలన్నీ మా వైపే కనిపించాయి. ఇంత మంచి సంగతి నాకు ముందు తట్టలేదు. అక్కడ పొద్దు ఏడింటికి గుంకుతుంది. చీకటి పడ్డాక ఆ సరుకు ఓడల దీపాలు వరసగా కదులుతుంటే, మా మిద్దె మీంచి కొండ దీపాలు చూసినట్టే ఉందని అమ్మ అంది. "పాపా, నాకు కుర్చీ ఇక్కడే ఉండనీ" అని తొమ్మిదిన్నర దాకా కదల్లేదు. రెయిలింగ్ కింద అద్దం ఉండటం కలిసొచ్చింది. ఇనుప రేకు ఉండే బాల్కనీ అయితే అమ్మ ఎత్తుకి కూర్చుంటే ఆకాశం తప్ప నీళ్ళు కనిపించేవి కావు. బుక్ చేసే ముందు ఇది కూడా అడగండి.

నాలుగు రోజుల్లో అమ్మకి ఒక్కసారి కూడా వికారం రాలేదు. జలసంధిలో నీళ్ళు నిమ్మళంగా ఉండటం ఒక కారణం, గది చోటు ఒక కారణం అని నా నమ్మకం.

ఇబ్బందులూ ఉన్నాయి. బాల్కనీ చిన్నది, రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల. ఒకరు లేవాలంటే రెండోవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. బాల్కనీ తలుపు తీస్తే ఏసీ ఆగిపోతుంది. బయటికి రాగానే ఉక్కకి కళ్ళద్దాలు మసకబారతాయి. గది తలుపు, బాల్కనీ తలుపు ఒకేసారి తీస్తే గాలికి గది తలుపు ధడేలున కొట్టుకుంటుంది, వేళ్ళు జాగ్రత్త. రెయిలింగ్ మీద బట్టలు ఆరేయనివ్వరు, అమ్మ చీర బాత్రూమ్‌లోనే ఆరింది. దీపం, అగరుబత్తి గదిలో వెలిగించకూడదు. రెండో రాత్రి పక్క బాల్కనీ నుంచి సిగరెట్ పొగ వచ్చింది. అది నిషేధం. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే మనిషిని పంపారు, కానీ అరగంట పట్టింది. అడ్డుగోడ చూపుని ఆపుతుంది, పొగని, మాటల్ని ఆపదు.

ఫుకెట్‌లో దిగి తిరిగిన రోజు బాల్కనీ ఖాళీగానే ఉంది. పగలంతా ఊళ్ళు చూసి, రాత్రి షోలకి పోయేవాళ్ళు లోపలి గది తీసుకుంటే డబ్బు మిగులుతుంది. మాకు లోపలి గదికీ దీనికీ మనిషికి పదిహేను వేల దాకా తేడా వచ్చింది.

తిరుగు దారిలో పొద్దున్నే పై డెక్ నుంచి రెండు కప్పుల కాఫీ తెచ్చేసరికి అమ్మ అప్పటికే స్నానం చేసి బాల్కనీలో నిలబడి ఉంది. దీపం లేదు కదా, సూర్యుడు పైకి వచ్చేదాకా చేతులు జోడించుకొని అలాగే ఉంది. కాఫీ చల్లారిపోయింది. వేసవికి మా అక్క వాళ్ళు ఇదే ఓడకి పోతున్నారు. అదే డెక్‌లో, ఎడమ పక్క రెండు నంబర్లు రాసిచ్చాను.